ఎర్ర సీసా, నీలం సీసా

డాక్టర్ ఖుద్సియా మైక్రోస్కోపు ముందు నుంచి లేచి, కిటికీ దాకా నడిచి, తిరిగొచ్చి అదే గాజుపలకను మూడోసారి చూసింది. మూడోసారి చూసినంత మాత్రాన మారుతుందా? మారలేదు. పదహారో గొర్రెపిల్ల మెదడు అచ్చం పదిహేనో గొర్రెపిల్ల మెదడులాగే ఉంది. ఒకదానికి మందు పడింది, రెండోదానికి ఉత్త తీపినీళ్ళు పడ్డాయి. అయినా రెంటిలోనూ చచ్చిన కణాలు ఇంచుమించు ఒక్కటే లెక్క.

"చాయ్ చెప్పాల్నా మేడం?" అన్నాడు ల్యాబు టెక్నీషియన్ ప్రణయ్. కొంప మునిగిపోతున్నా నిమ్మకు నీరెత్తినట్టు ఉండగలగడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్య.

"చాయ్ తాగితె గీ స్లైడు మారుతదా ప్రణయ్?"

"స్లైడు మారది గని, మీ తలనొప్పి తగ్గుతది."

తగ్గే తలనొప్పి కాదది. రెండున్నరేళ్ళ తలనొప్పి.

ఖుద్సియా చదివింది పశువైద్యం. ఆ తరవాత మెదడు మీద పరిశోధన చేసి ఇంకో పట్టా తెచ్చుకుంది. కాన్పులో ఊపిరి అందక, పుట్టగానే ఏడవని పసిపిల్లలకు మెదడు దెబ్బతింటుంది. అలాంటి బిడ్డను మూడు రోజులు చల్లగా ఉంచి కాపాడే యంత్రాలు పెద్ద నగరాల్లో ఉన్నాయి. మందమర్రి గని కాలనీలోనో, ఆదిలాబాద్ అవతలి గూడెంలోనో పుట్టిన బిడ్డ ఆ యంత్రం దాకా చేరేలోపు పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అదే, నాలుక మీద చుక్కలు వేస్తే సరిపోయే మందు ఒకటుంటే? ఆ మందు బిడ్డల దగ్గరికి పోయేముందు జంతువుల మీద నెగ్గాలి. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మెదడు చాలా సంగతుల్లో మనిషి బిడ్డ మెదడుకు దగ్గర. అందుకని గొర్రెపిల్లలు.

పుట్టిన రోజే పిల్లకు మత్తిచ్చి, కొద్ది నిమిషాలు దాని ఊపిరికి ప్రాణవాయువు తగ్గిస్తారు. తరవాత తల్లి దగ్గరికి చేర్చి, ఐదు రోజులు పూటపూటకూ చుక్కలు వేస్తారు. సగం పిల్లలకు మందు, సగం పిల్లలకు అదే రంగు, అదే రుచి ఉన్న నీళ్ళు. ఏడో రోజు మళ్ళీ మత్తిచ్చి, ఆ నిద్రలోనే ప్రాణం తీసి, మెదడు పరీక్ష చేస్తారు. వినడానికి కష్టంగా ఉంటుంది, చేయడానికి ఇంకా కష్టంగా ఉంటుంది. ఖుద్సియా ఆ పని ఎవరికీ వదలదు. తన చేత్తోనే చేస్తుంది, ఆ పూట ఆమెకు అన్నం సయించదు.

మందు ఎర్ర కాగితం అంటించిన సీసాలో ఉందో, నీలం కాగితం అంటించిన సీసాలో ఉందో ఆమెకు కూడా తెలియదు. తెలిస్తే కన్ను మొగ్గుతుంది కాబట్టి తెలియకూడదు. ఆ గుట్టు ఒక కవరులో పెట్టి, లక్క వేసి, జైపాల్‌రావు బీరువాలో ఉంచారు. హుజూరాబాద్ పోయే రోడ్డు మీద తన మామిడితోటలో ఈ పరిశోధన కేంద్రం కట్టించింది ఆయనే. పిల్లల డాక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి.

మొత్తం పద్దెనిమిది పిల్లలు, రెండేసి చొప్పున తొమ్మిది జోడీలు. ఎనిమిది జోడీలు అయిపోయాయి. చివరి జోడీ కొట్టంలో ఉంది, మందు మొదలుపెట్టి రెండో రోజు. ఇంకో తొమ్మిది రోజుల్లో ఢిల్లీ నుంచి సమీక్షకు వస్తున్నారు. రెండు సీసాలకూ తేడా కనిపిస్తే పని ముందుకు సాగుతుంది, కనిపించకపోతే కొట్టానికి తాళం పడుతుంది.

మందు పనిచేయకపోతే చేయకపోయింది, అదీ ఒక జవాబే. ఆ మాట కూడా ఖచ్చితంగా చెప్పదే! ఖుద్సియాకు అసలు మంట అక్కడే ఉంది. మొదటి రెండు జోడీల్లో తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఎర్ర సీసా పిల్లల మెదళ్ళు బాగున్నాయి, నీలం సీసా పిల్లలవి జల్లెడలా ఉన్నాయి. మూడో జోడీ నుంచి ఆ తేడా ఎటు పోయిందో పోయింది. ఆరు జోడీలు, పన్నెండు పిల్లలు, అన్నీ మధ్యరకం. పూర్తిగా చెడిందీ లేదు, పూర్తిగా బాగున్నదీ లేదు. మందన్నది పనిచేస్తే చెయ్యాలి, మానేస్తే మానాలి గానీ, నాలుగు పిల్లల దాకా చేసి అలిగి కూర్చుంటుందా?

ఆ శుక్రవారం సాయంత్రం కరీంనగర్‌లో ఇంటికి చేరేసరికి మరదలు నిషాత్ గుమ్మంలోనే ఎదురైంది. చంకలో ఆరేళ్ళ నూరీన్. తమ్ముడు అవేజ్ కూతురు. మంచిర్యాలలో పుట్టింది, పుట్టాక పన్నెండు నిమిషాలు ఏడవలేదు. ఇప్పటికీ మెడ నిలవదు, మాట రాదు. కుక్కరు కూత వేస్తే మాత్రం పకపకా నవ్వుతుంది.

"ఆపా, దవా ఎందాక వచ్చింది?" అంది నిషాత్.

"ఎన్నిసార్లు చెప్పాలె నిషాత్! గా దవా పుట్టిన గంటల్లనే పడాలె. మన నూరీన్‌కు పనికిరాదు. ఇరవై సార్లు చెప్పిన నీకు."

"తెల్సు ఆపా," అంది నిషాత్ మెల్లగా. "ఊకెనే అడిగిన."

పోయిన శుక్రవారమూ ఊరికేనే అడిగింది. వచ్చే శుక్రవారమూ అడుగుతుంది. ఖుద్సియాకు మొదట కోపం వచ్చింది, తరవాత ఆ కోపం మీద సిగ్గు వచ్చింది. వంటింట్లో కుక్కరు కూత వేసింది. నూరీన్ నవ్వింది. ఖుద్సియా చెప్పులైనా విప్పకుండా అక్కడే నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఆమె కేంద్రానికి వచ్చి అన్నీ తిరగేసింది. ఫ్రిజ్జు చల్లదనం సరిగ్గా ఉంది. మందు గడువు దాటలేదు. సీసాల్లో ఎంత మిగలాలో అంతే మిగిలింది, రెంటిలోనూ చుక్క తేడా లేదు. పిల్లల బరువులు, తల్లుల పాలు, మత్తు ఇచ్చిన నిమిషాలు అన్నీ పుస్తకంలో ఉన్నాయి. ప్రణయ్‌ను గుచ్చి గుచ్చి అడిగితే "అంత బరాబర్ ఉన్నది మేడం" అన్నాడు. ప్రపంచంలో ప్రణయ్ దగ్గర బరాబర్ లేనిది ఏదీ లేదు. ఇక చూడనిది ఒక్కటే మిగిలింది, చుక్కలు వేసే చెయ్యి. ఆమె కొట్టం వైపు నడిచింది.

కొట్టం యాదవ్వ రాజ్యం. యాభై ఐదేళ్ళ కురుమ మనిషి, తరతరాలుగా గొర్రెలు కాసే ఇంట పుట్టింది, పక్క ఊరే. గొర్రె మూలిగే మూలుగును బట్టి ఎన్నింటికి ఈనుతుందో చెప్పగలదు. అప్పుడే మత్తు దిగి వణికే పిల్లను గొంగడిలో చుట్టి, తల్లి వాసన పట్టించి, పొదుగు నోట పెట్టించడం ఆమె చేసినంత ఒడుపుగా ఇంకెవరూ చేయలేరు. ఆమెకు అక్షరాలు రావని సీసాలకు రంగు కాగితాలు అంటించింది ఖుద్సియానే. కుడి చెవికి ఎర్ర దారం ఉన్న పిల్లకు ఎర్ర సీసా, నీలం దారం ఉన్న పిల్లకు నీలం సీసా. చిన్నపిల్లాడు కూడా తప్పు చేయలేడు.

ఖుద్సియా గడ్డిమోపుల పక్కన ఆగింది. లోపల యాదవ్వ ఎర్ర దారం పిల్లను ఒళ్ళో వేసుకుంది. సూది లేని చిన్న సిరంజిని ఎర్ర సీసాలో ముంచి సగం గీత దాకా తీసింది, పిల్ల నోట్లో పిండింది. తరవాత నీలం సీసా అందుకుంది. మళ్ళీ సగం గీత. అదే పిల్ల, అదే నోరు. దాన్ని దింపి నీలం దారం పిల్లను ఎత్తుకుంది. ఎర్ర సీసా సగం, నీలం సీసా సగం.

ఖుద్సియా గడ్డిమోపుల పక్క నుంచి ముందుకొచ్చింది.

"యాదవ్వా! ఏం జేస్తున్నవ్?"

"మందేస్తున్న డాక్టరమ్మా. నువ్వు జెప్పిందే గద."

"నేను రెండు సీసలల్లకెళ్ళి వెయ్యమన్ననా?"

"రెంటికి సమానంగ అందాలె గదనే," అంది యాదవ్వ, ఇంత చదివిన దానికి ఇదీ తెలియదా అన్నట్టు.

"ఎప్పటిసంది?"

"మూడో జోడి కాడికెళ్ళి. మొదటి రెండు జోడీలకు నువ్వు జెప్పినట్టే ఏసిన. ఎర్ర సీస పిల్లలు రెండో దినానికే లేసి పొదుగు వట్టినయి. నీలం సీసయి మెడ సుత లేపలే. నాలుగు దినాలు నేనే ఒళ్ళ పండవెట్టుకొని పాలు వట్టిచ్చిన. నీలం సీసల సత్తువ లేదు, ఎవలో నీకు నీళ్ళు గలిపి అమ్మిండ్రు. ప్రణయ్‌కు జెప్పిన. 'నీకెందుకు యాదవ్వా, జెప్పింది జెయ్' అన్నడు. ఇగ ఆయినతోని ఏం మొత్తుకోవాలె? నేనే సగం సగం జేసిన."

ఎంత వేయాలో అంతే వేసింది. అందుకే సీసాల్లో మందు చుక్క కూడా తేడా రాలేదు. అందుకే పన్నెండు మెదళ్ళూ మధ్యరకంగా ఉన్నాయి. ఖుద్సియాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి, రెండూ కలిసి కేకగా మారాయి.

"రెంట్ల ఒకటి నీళ్ళేనని మాకు తెల్సు యాదవ్వా! తెల్సే పెట్టినం. మందు పడ్డదానికి, పడనిదానికి తేడా చూడాలె గద!"

యాదవ్వ చేతిలో సిరంజి ఆగిపోయింది. "తెల్సా? తెల్సే నాతోని ఉత్త నీళ్ళు పోపిచ్చిండ్రా? బంతిల కూసున్నంక ఒగ ఇస్తార్ల తునకలేసి, పక్క ఇస్తార్ల ఉత్త పులుసు పోస్తరా ఎవలన్న? వలపచ్చం జేస్తే పాపం దినెటోళ్ళకు గాదు, వడ్డిచ్చినోళ్ళకు తాకుతది. వడ్డిచ్చింది నేను."

"నీ బంతి, నీ వలపచ్చం నా కొంప ముంచినయి! రెండున్నర ఏండ్ల పని! పన్నెండు పిల్లల్ని ఉత్తగ చంపుకున్నం నీవల్ల!"

అనేశాక గానీ ఏమన్నదో ఆమెకు వినిపించలేదు.

యాదవ్వ సిరంజి కింద పెట్టింది. నీలం దారం పిల్ల ఆమె కొంగు నములుతోంది.

"సంపిండ్రా?" అంది చివరికి. "హైదరాబాద్ కాడ ఫారానికి తోలుతున్నమన్నరు గద?"

అన్నారు. జైపాల్‌రావు అన్నారు. "కురుమ మనిషి, పిల్లల్ని పెంచినట్టు పెంచుతుంది. కోస్తామంటే రేపటి నుంచి పనికి రాదు. ఫారానికి పంపుతున్నామని చెప్పండి" అన్నారు. ప్రణయ్ ఆ మాట మోశాడు. ఖుద్సియా విని ఊరుకుంది. తిలా పాపం తలా పిడికెడు.

"నువ్వు బాధపడతవని..." అంది ఖుద్సియా.

"బాధనా?" యాదవ్వ గొంతు మొదటిసారి పెరిగింది. "నేను పుట్టిందే మందల. కోతకు గొర్రెలమ్మిన చేతులివి. గొర్రె నూరేండ్లు బతుకుతదని నాకెవలు జెప్పిండ్రు? కోతకు తోలేటప్పుడు దాని నెత్తి మీద చెయ్యి వెట్టి తోల్తం, తెల్సి తోల్తం. మీరు నా ఒళ్ళకెళ్ళి తీస్కపోయి, ఆడ మంచిగ మేస్తున్నయని జెప్పిండ్రు. నల్లమచ్చది ఈపాటికి ఎంత పెరిగెనో అని మొన్న మా మనుమరాలికి సుత జెప్పిన. పిచ్చిదాన్ని జేసిండ్రు గదనే నన్ను."

ఆమె నీలం దారం పిల్లను తల్లి దగ్గరికి తీసుకుపోయి పొదుగు అందించింది. అది కడుపునిండా తాగేదాకా అక్కడే కూర్చుంది. తరవాత సిరంజి కడిగి, బోర్లించి, గొంగడి దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. గేటు దగ్గర ప్రణయ్ "ఏమైంది యాదవ్వా, గింత జల్ది పోతున్నవ్?" అని అడిగితే అతని వైపు చూడనైనా లేదు.

జైపాల్‌రావు అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆయనకు కోపం రాదు. కోపం రాని మనిషితో మాట్లాడటం ఖుద్సియాకు ఎప్పుడూ పరీక్షే.

"సరే అమ్మా, అయ్యిందేదో అయ్యింది. తేడా కనవడలేదని రాసెయ్. మందుకు గుణం లేదంటరు, ఫైలు బంద్ జేస్తరు. నీ పేరుకేం మచ్చ రాదు."

"గుణం లేదని మనకెట్ల తెల్సు సార్? అన్నింటికి సగం సగం పడ్డది. ఇగ గుట్టు ఎట్లాగు పోయింది, కవరు తీయండి."

లక్క విరిచి కవరు తీశారు. లోపల ఒక్కటే వాక్యం. మందు ఎర్ర సీసాలో ఉంది.

జైపాల్‌రావు ముఖం విప్పారింది. "అరె! అంటే యాదవ్వ కన్ను కరెక్టే. మందు పనిచేస్తున్నదన్నట్టే గద! మొదటి రెండు జోడీలు చూపిద్దాం. తక్కిన వాటికి రోగం తగిలిందనో, ఇంకోటో రాద్దాం. యాదవ్వ సంగతి మన నలుగురికి తప్ప ఎవరికి తెల్సు?"

ఖుద్సియా వెంటనే కాదనలేదు. ఆ సంగతి ఆమె తరవాత ఎవరికీ చెప్పుకోలేదు గానీ, నిజంగానే వెంటనే కాదనలేదు. కొట్టానికి తాళం పడదు. పని ముందుకు పోతుంది. నిషాత్ "ఎందాక వచ్చింది" అంటే "వచ్చేసింది" అనొచ్చు. అంతా ఒక్క అబద్ధం దూరంలో ఉంది. కానీ ఆ కాగితం నమ్మి రేపు ఎవరో ఒక డాక్టరు, ఇంకా ఏడవని బిడ్డ నాలుక మీద నిజంగానే ఆ చుక్కలు వేస్తాడు. ఆ బిడ్డ నాలుక మీద పడేది మందో, తన అబద్ధమో ఎవరికి తెలుసు?

"నాలుగు పిల్లలు సార్," అంది. "నాలుగుసార్లు బిళ్ళ ఎగరేస్తే నాలుగుసార్లు బొమ్మే పడొచ్చు. అంతమాత్రాన బొరుసు లేదంటమా? జరిగింది జరిగినట్టే రాస్తా."

"తాళమేస్తరమ్మా."

"వేస్తే వేస్తరు."

రాయడానికి కూర్చుంటే మొదటి వాక్యం సులువుగానే వచ్చింది. కొట్టంలో పనిచేసే మనిషి సూచనలు పాటించకపోవడం వల్ల, అని. చదువుకుంది. తప్పేం లేదు, నిజమే. మళ్ళీ చదువుకుంది. కొట్టేసింది. ఆ మనిషి నీలం సీసాలో సత్తువ లేదని మొదటి నెలలోనే చెప్పింది. ఎవరూ వినలేదు. ఒక సీసాలో నీళ్ళే ఉంటాయని, ఎందుకుంటాయో ఎవరూ ఆమెకు చెప్పలేదు. పిల్లలు ఏమవుతాయో అడిగితే అబద్ధం చెప్పారు. అన్నిటికీ మించి, రెండే రెండు సీసాలు పెట్టడం పద్ధతి కాదని ఖుద్సియాకు ముందే తెలుసు. పద్దెనిమిది పిల్లలకు పద్దెనిమిది సీసాలు, ఒక్కోదానికి ఒక్కో నంబరు ఉంటే, ఏది మందో కనిపెట్టడం యాదవ్వ తరమే కాదు, ఎవరి తరమూ కాదు. తడవకు ఇన్ని సీసాలు ఎవరు నింపుతారులే, ఆమెకు నంబర్లు ఎవరు నేర్పుతారులే అని తానే రంగు కాగితాలు అంటించింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! ఊరందరి మీదా విసుక్కుని విసుక్కుని, చివరికి విసుక్కోవడానికి ఖుద్సియాకు ఖుద్సియానే మిగిలింది. అదంతా అలాగే రాసింది.

ఢిల్లీ వాళ్ళు ముగ్గురు వచ్చారు. రెండు గంటలసేపు ఆమెను నిలబెట్టి కడిగేశారు. రెండు సీసాల పద్ధతిని ఎవరు ఒప్పుకున్నారన్నారు, మొదటి ఏడాది విద్యార్థి కూడా చేయని పనన్నారు. అన్నిటికీ తల ఊపింది. చివర్లో వాళ్ళలో పెద్దాయన, "ఆ పనిమనిషిని ఇంకా తీసెయ్యలేదా?" అని అడిగాడు.

"తీసేస్తే కొట్టం నడవదు సర్," అంది ఖుద్సియా. "ఇంతమందిలో రెండు సీసాలకూ తేడా ఉందని కనిపెట్టింది ఆమె ఒక్కతే."

వాళ్ళు బయటికి పోయి మాట్లాడుకుని వచ్చారు. తాళం వేయలేదు. మొదటి నుంచి మళ్ళీ చేయమన్నారు. కొత్తగా పద్దెనిమిది పిల్లలు, పద్దెనిమిది సీసాలు, ఆరు నెలల గడువు. చేసేవాళ్ళకు అన్నీ తెలియజెప్పి చేయించాలని షరతు. జైపాల్‌రావు సంబరపడి అందరికీ మిఠాయి తెప్పించారు. ఖుద్సియా తన మిఠాయి ప్రణయ్ చేతిలో పెట్టింది. గెలిచామంటే అర్థం ఇంకో పద్దెనిమిది. ఆ మాట ఆయనకు తట్టినట్టు లేదు.

యాదవ్వ ఇంటి ముందు అరుగు మీద ఉన్ని విడదీస్తూ కూర్చుంది. ఖుద్సియాను చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు. ఖుద్సియా కింద మెట్టు మీద కూర్చుంది.

"ఆఖరి జోడిని కొయ్యం యాదవ్వా. తల్లులతోని ఉన్నయి. నీకు కావాలంటే తెచ్చుకో."

"నాకెందుకే? లంచమా?" అంది యాదవ్వ. "పదారింటిని కోసి రెంటిని ఇడిసిపెడితె పున్నెం వస్తదా? గది సుత వలపచ్చమే."

ఈ మనిషితో ఎలా మాట్లాడాలి తండ్రీ, అనుకుంది ఖుద్సియా. ఏమిస్తే ఏమంటుందో తెలియదు. ఇక ఇవ్వడానికి ఏమీ లేదు కాబట్టి నిజం చెప్పడం మొదలుపెట్టింది. మత్తు గదిలో ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో చెప్పింది. ఏడో రోజు ఏం జరుగుతుందో, ఎవరి చేత్తో జరుగుతుందో చెప్పింది. నీళ్ళు పోసిన పిల్ల లేకపోతే మందు పోసిన పిల్ల కోలుకుంది మందు వల్లో, దాని అదృష్టం వల్లో చెప్పలేమంది. నూరీన్ గురించి కూడా చెప్పింది, పన్నెండు నిమిషాల గురించి.

యాదవ్వ ఉన్ని పక్కన పెట్టింది. "గీ మందు మీ తమ్ముని బిడ్డకు పనికొస్తదా?"

"రాదు."

"మరెవలకు?"

"ఎవలకో. ఇంక పుట్టనోళ్ళకు."

యాదవ్వ వీధి వైపు చూసింది. అవతల ఎవరిదో ట్రాక్టరు మొరాయిస్తోంది. అది స్టార్టయి కదిలిపోయింది.

"మా చిన్న బిడ్డకు మొదటి కాన్పుల పిల్లగాడు ఏడువలే," అంది యాదవ్వ. "దవఖాన్ల మూడు దినాలున్నడు. గాడు పోయిండు. గాన్ని ఎత్తుకొని తెచ్చింది నేనే." పక్కన పెట్టిన ఉన్ని మళ్ళీ అందుకుంది. "పద్దెన్మిది సీసలు జేస్తనంటివి గద. మీద అంకెలెయ్యి. ఏ అంకెల ఏమున్నదో నాకు తెల్వద్దు. తెలిస్తే నా చెయ్యి ఊకోదు, ముందే జెప్తున్న."

"నీకు అంకెలు వస్తయా యాదవ్వా?"

"మూడు వందల గొర్లను పొద్దుమాపు లెక్కవెట్టినదాన్ని. అందరి ఫోన్ నంబర్లు నోటికున్నయి. అంకెలు రావని నీకెవలు జెప్పిండ్రు? నన్నెవలన్న అడిగిండ్రా?"

ఖుద్సియా తల అడ్డంగా ఊపింది.

"ఇంకోటి. ఏడో దినం ప్రణయ్ వచ్చి గుంజుకపోవుడు నడువది. నేనే తెస్త. కడుపునిండ పాలు తాగినంకనే తెస్త. నేను సుత లోపలికొస్త."

"చూడలేవు యాదవ్వా."

"నువ్వు సూస్తలేవా?"

అలా మళ్ళీ మొదలైంది. ఒకటో సీసా, ఒకటో పిల్ల. తెల్లది, ముక్కు మీద గోధుమరంగు చార. యాదవ్వ రోజూ వేలితో అంకె చూపించి, పైకి చదివి, అదే సీసాలోంచి తీసి, గీత దాకా వేసింది. పిల్ల మూడో రోజుకు నిలబడింది, నాలుగో రోజు మళ్ళీ కూలబడింది, ఐదో రోజు తల్లి వెనకాల నాలుగడుగులు వేసింది. అది మందు బలమో, దాని సొంత బలమో ఇద్దరికీ తెలియదు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

ఏడో రోజు పొద్దున యాదవ్వ దాన్ని గొంగడిలో తెచ్చింది. మూతికి ఇంకా పాల నురుగు ఉంది. బల్ల మీద పడుకోబెట్టి, నెత్తి మీద అరచెయ్యి పెట్టింది. పిల్ల ఆ చేతిని నాకబోయి, ఆమె మణికట్టు మీద గడ్డం ఆనించి పడుకుంది. ప్రణయ్ మత్తుమందు సిరంజి నింపి ఇచ్చి, మొదటిసారిగా ఏ మాటా లేకుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఖుద్సియా సిరంజి పట్టుకుని నిలబడింది. ఇంతకుముందు పదహారుసార్లు చేసిన పనే. అప్పుడు బల్ల మీద ఒక నంబరు ఉండేది. ఇప్పుడు దాని నెత్తి మీద ఒక చెయ్యి ఉంది. కాలి మీద బొచ్చు కత్తిరించిన చోట నరం చక్కగానే కనిపించింది, అంతలోనే అలికినట్టయింది. చెయ్యి వణికింది. భుజానికి కళ్ళు రుద్దుకుంది, మళ్ళీ అలికినట్టే అయింది.

"ఏందే గది," అంది యాదవ్వ. గొంతులో కోపం లేదు, విసుగుంది. పిల్ల నెత్తి మీది నుంచి చెయ్యి తీయలేదు. "ఏడ్సేదుంటె గంత పక్కకు జరిగి ఏడ్సి రాపో, నేను పట్టుకుంట. నీ చెయ్యి వణికి సూది తప్పితే, గిది సుత ఉత్తగనే పోతది."